ఓడయెక్కు దినము

సముద్రయాత్రలను గూర్చి చెప్పుకొనునప్పుడు మనము తుపానులను, దూరదేశముల వింతలను, క్రొత్తదీవులను దలంచుచుందుము. యాత్రికుఁడు నేల విడుచు నా యొక్క దినమును మాత్రము అంతగాఁ దలంపము. విచారించి చూచినచో నా దినమున నతనికి రెండు పనులు గలవు. మొదటిది, రేవున నిలిచిన యోడలలోఁ దాను పోవలసిన యోడ యేదో యెఱుఁగుట. రెండవది, తన సామాను తనతోఁ గూడ నా యోడను జేరునట్లు చూచుకొనుట. ఇవి చూచుట కల్పవిషయములే. అయినను ఏ కాలమున నీ రెండు పనులును ఎవరి చేతిలో నుండెనో పరిశీలించితిమేని ఆ కాలపు సంఘమున మనుష్యున కెంత విలువ యుండెనో తేటపడును. ఆ పరిశీలనమునే యీ వ్యాసమున మేము చేయఁబూనితిమి.

సముద్రయానము మన పూర్వులెఱుఁగని పని యని యింకను గొందఱు నమ్ముచున్నారు. బౌధాయనధర్మసూత్రము సముద్రయానమును బతనహేతువులలోఁ జేర్చిన మాట నిజమే. కాని యా సూత్రకారుఁడే ఉత్తరదేశీయుల యాచారములను లెక్కించుచు సముద్రయానమును వానిలో నొకటిగాఁ బేర్కొనెను. ఎవరును జేయని పనికి నిషేధము పుట్టదు. మన తీరమున దొరకిన శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల యోడబొమ్మ కలదు. క్రీ. శ. 1244లో కాకతీయ గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున నొక యభయశాసనము వేయించెను. తుపాను వాతఁబడి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకునంతయు నంతకు మున్ను రాజులు లాగికొనుచుండిరి. గణపతిదేవుఁడు నియతమైన సుంకము మాత్రము గ్రహించి తక్కినది వర్తకులకే విడుచుటకు మాటయిచ్చెను. ఓడ పగిలినను మూట యెవరిదో వారిదే యను నీ ధర్మమును ఏడువందల యేండ్లకుఁ బూర్వమే తెలుఁగునేలను రాతిమీఁదఁ జెక్కించిరి. దీనిని మనము గుఱుతుంచుకొనవలెను. ఏలయనఁగా వెనుకటి కాలమున నీ ధర్మము మిక్కిలి సన్నగిల్లినది.

చెన్నపట్టణమునకుఁ జిరకాలము సరియైన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. ఒడ్డునకు నోడకును నడుమ నుగ్రములైన కెరటములు. వానిని దాఁటించునవి మసూలాపడవలు. వీనికి నినుపమేకు లుండవు. పలకలను కొబ్బరినార త్రాళ్లతోఁ గుట్టుదురు. మేకులు బిగించిన పడవ కెరటపు దెబ్బకుఁ బగులును. కుట్టిన పడవ యొకింత లొంగి మరల నిలుచును. నీటఁబడినవారిని బట్టుటకై ప్రక్కనే కట్టుమ్రాఁకుల తెప్పలపై మఱికొందఱు వచ్చుచుండిరి. కుంపిణీదొర లెంత యధికారము గలవారైనను, ఆ యరగంటసేపు వారి ప్రాణములును వారి పెట్టెలును పల్లెకారుల నేర్పుమీఁదనే యాధారపడియుండెను. 1861లో నొక యినుపవారధి సముద్రములోనికిఁ గట్టఁబడెను. 1875లో హార్బరునకు శంకుస్థాపన మయ్యెను. 1881 నాఁటి తుపాను ఆ కట్టడమును బాడుచేయఁగా మరలఁ గట్టవలసివచ్చెను. దొరలు తమ దినచర్యలలోఁ దడిసిన పెట్టెలను గూర్చి వ్రాసికొనిరి గాని, తమ్ము దాఁటించినవారి పేళ్లు వ్రాసిన వారరుదు. విద్య యున్న చోటఁ బేరు లేకపోవుట మనదేశమున వింత కాదు.

ఇఁక నిదే తీరమునుండి పోయిన మఱియొక విధపు యాత్రికులను జూతము. బానిసత్వమును రద్దుచేయుచు 1833లో నింగ్లీషు పార్లమెంటు చట్టము చేసెను. అంతట చెఱకుతోఁటల యజమానులకుఁ గూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసు దీవికి మనదేశపుఁ గూలీలు ఒప్పందముమీఁదఁ బంపఁబడిరి. 1837 నాఁటి చట్టము ప్రకారము కూలి ప్రభుత్వోద్యోగి యెదుట నిలువవలెను, ఒప్పందపు షరతులు వ్రాతమూలముగా నుండవలెను, గడువు ఐదేండ్లు. 1839లో ఫిర్యాదులమీఁద నీ వలస నిలుపఁబడి 1842లో మారిషసునకు మరలఁ దెఱవఁబడెను. 1860 అక్టోబరులో చెన్నపట్టణమునుండి బయలుదేఱిన ట్రూరో యను నోడ 342 మందితో నవంబరు 16వ తేదీని దక్షిణాఫ్రికాలోని దర్బాను జేరెను. నేటాలునకు మొదటి కూలియోడ యదియే. వారిలోఁ దమిళులతోఁ బాటు తెలుఁగువారును గలరు. 1911లో నా దారి మూయఁబడునప్పటికి నేటాలునకుఁ బోయినవారి సంఖ్య 1,52,184. అందు సుమారు మూఁడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారే.

వీరిలోఁ దమ యోడ యెక్కడికిఁ బోవునో యెఱిఁగి యెక్కిన వారెందఱు? కాగితముమీఁద నందఱు నెఱుఁగుదురు. ఉద్యోగి యడిగెను, కూలి యవుననెను. కాని నేటాలనఁగా నెక్కడ, ఫీజీ యనఁగా నెన్నినాళ్ల పయనము అను ప్రశ్నలకు దళారి చెప్పినదే యుత్తరము. ఉత్తరదేశమున నీ దళారులకు ఆర్కాటీలని పేరు. సురినామును శ్రీరాముని దేశమనియు, ట్రినిడాడును చీనీదాడు, అనఁగాఁ బంచదార నేల యనియు వారు నమ్మించిరని చెప్పుకొనుట కలదు. 1893లో నట్లు మోసపోయి ఫీజీ చేరిన తోతారామ సనాఢ్యుఁడు తన కథను 1914లోఁ బుస్తకముగాఁ బ్రకటించెను. ఇట్టి వ్రాఁతలు వలసపద్ధతిపై దేశమునఁ గలిగిన యాగ్రహమునకుఁ దోడ్పడెను. అక్షరము రానివాని కెదుటనున్న యోడపేరు బొమ్మవంటిది. అతని వ్రేలిముద్ర మాత్రము చట్టము కంటికి సమ్మతియే.

సామాను సంగతి యింకను శోచనీయము. డిపోలో వైద్యుఁడు పరీక్షించి తగుదువన్న పిమ్మటఁ గూలికి బట్టలు, కంబళి, తిండికిఁ బళ్లెము, నీటికి లోటా యీయఁబడుచుండెను. మఱియు నతని సంఖ్య చెక్కిన చిన్న తగరపుబిళ్ల యొకటి మెడలోఁ గట్టఁబడుచుండెను. దొరల పెట్టెకుఁ జీటి యంటించిరి. ఇచ్చట మనుష్యునికే చీటి కట్టిరి. ఒకే రేవున, ఒకే సముద్రముమీఁద ఈ రెండు పద్ధతులును నడచినవి. ఈ తగరపుబిళ్లను మించిన సాక్ష్యము కూలిపద్ధతిపై మఱియొకటి యక్కఱలేదని మా యభిప్రాయము.

అయిన నీ చరిత్రమున రెండు విశేషములు గలవు. ఆ యోడల జాబితాలలోఁ బ్రతి కూలికిని సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయఁబడినవి. వ్రాసినవారికిఁ దెలుఁగు రానందునఁ బేళ్లు వికృతములైనవి, గ్రామములు గుఱుతుపట్టరానివైనవి. అయినను నేఁడు దక్షిణాఫ్రికాలో నున్న వారి మునిమనుమలు తమ పూర్వుల యూరు వెదకునప్పుడు ఆ సంఖ్యయే యాధారము. అవమానార్థము గట్టిన బిళ్ల వంశమునకు జ్ఞాపకచిహ్నమైనది. రెండవది, ఓడలో నందఱికి నొక్క వంటయే యగుటచేఁ గులపుఁ గట్టు సడలినది. ఒక యోడలోఁ బోయినవారు జహాజీభాయి లనఁగా నోడతోఁబుట్టువులని యొకరినొకరు పిలుచుకొనిరి. మనవూళ్లలో సంస్కర్తలు ఏఁబదియేండ్లు ఉపన్యసించినను సాధింపలేని పంక్తిభోజనము కష్టమువలన సిద్ధించినది. కష్టము మంచిదని మేమనుట లేదు. ఆచారము మాఱరానిదన్నవారి మాట నిజము కాదని మాత్ర మనుచున్నాము.

ఓడయెక్కుట పైకులముల వారికిని సులభముగా లేదు. వారి యడ్డంకి వేఱు. 1888లో గాంధీ న్యాయవాదవిద్యకై సీమకుఁ బయనమైనప్పుడు బొంబాయిలోని యతని కులపెద్దలు అతని వెలివేసిరి. అతనికి సాయము చేసినవారికిని, రేవునకుఁ బోయి సాగనంపినవారికిని ఒక రూపాయి నాలుగణాల జరిమానా యని శాసించిరి. సెప్టెంబరు 4వ తేదీని క్లైడు అను నోడపై నతఁడు వెడలెను. చేరిననాఁడు సామాను విషయమునఁ దాను పడిన యిబ్బందిని ఆత్మకథలో నతఁడు చెప్పుకొనెను: దిగునప్పుడు ధరింపవలెనని తెల్లని ఫ్లానెలు దుస్తులు దాఁచుకొనెను, దిగి చూడ నట్టివి తొడిగినవాఁడు తానొక్కఁడే. పెట్టెలు తాళపుచెవులతో సహా ఏజెంటు చేతఁ బెట్టియుండెను. మఱునాఁడు ఆదివార మగుటచే నవి వెంటనే చేరుట లేదు. ఇట్టి చిన్న యవస్థకు మనము నవ్వవచ్చును. పెట్టె వెనుకనైనను వచ్చునను ధైర్యము అతనికుండుటచేతనే నవ్వఁగలుగుచున్నాము.

ఆ కాలపు పెద్ద పొగయోడల కంపెనీలు సామానునకు మంచి క్రమమేర్పఱిచినవి. గదిలో నుంచవలసినదానికి నొక చీటి. పయనమధ్యమునఁ గావలసినదానికి నొక చీటి. దిగుదాఁక నక్కఱలేనిదానికి మఱియొక చీటి. మధ్యఁ గావలసిన పెట్టెలుంచు గదిని నియమితవేళలఁ దెఱచుచుండిరి. ఇంటిపేరు మొదటి యక్షరమును బెద్దదిగా నచ్చువేసిన చీటులును గలవు. దిగిన రేవున నా యక్షరము క్రిందికిఁ బోయి తన పెట్టెను దాను దీసికొనవచ్చును. ఈ పద్ధతి యంతయు ఒక్క నమ్మకముమీఁద నిలిచినది: యాత్రికుఁడు చదువఁగలఁడు.

మన కాకినాడ రేవునుండి రంగూనునకుఁ బోయినవారికి ఆ నమ్మకము చెల్లలేదు. కోరంగి రేవు పేరఁ బర్మాలోఁ దెలుఁగువారికిఁ గోరంగీలని పేరు వచ్చినది. 1931 నాఁటికి లక్షకుఁ బైఁగాఁ దెలుఁగువారచ్చట నుండిరి. కాకినాడయొద్ద సముద్రము లోఁతులేనిది గావున నప్పు డోడ మైళ్లదూరమున నిలుచుచుండెను. పడవలపైఁ బోయి యెక్కవలసియుండెను. కూలీలు డెక్కుమీఁదనే చాపలు పఱచుకొని, తెచ్చుకొన్న చద్ది తిని, మూటలనే తలగడలుగాఁ జేసికొని పోయిరి. పలువురకు మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి టిక్కెట్టు కొనుచుండెను. ఆ యప్పు తీఱుదాఁక వారతనికి లోఁబడినవారే. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన పిమ్మట ఓడ దొరకనివారు వేలకొలఁది అడవులమీఁదుగా నస్సామునకును, అరకానునకును నడచిరి. మోయలేని మూటలు త్రోవ కిరుప్రక్కలను విడువఁబడెను.

కూలియొప్పందపు వలసను గోఖలే మొదలగువారి ప్రయత్నమువలనఁ గొంతయు, ప్రజాభిప్రాయమువలనఁ గొంతయు 1917లో నిలిపిరి. కాని యోడయెక్కువాఁడు తన గమ్యమును దాను జదువుకొనవలసిన యవసరము నిలిచిపోలేదు. 2023లో విశాఖపట్టణమున విహారనౌకలకై యంతర్జాతీయ టెర్మినలు తెఱవఁబడినది. అట్టి నౌక నెక్కువారు గదిసంఖ్య గల చీటిని బెట్టెకుఁ గట్టి కూలికప్పగించి, మందులు, పాసుపోర్టు చేతిసంచిలో నుంచుకొని నిశ్చింతగాఁ బోదురు. ఆ యేఁటనే మన జిల్లాలనుండి గల్ఫుదేశములకుఁ బొట్టకూటికై పోయినవారు విమానమెక్కిరి. పదవతరగతి గడువనివారు కొన్నిదేశములకుఁ గూలికిఁ బోవునప్పుడు సంరక్షకాధికారి యనుమతి పొందవలెనని 1983 నాఁటి వలసచట్టము క్రింద నేర్పాటు జరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున ట్రూరోవంటి యోడలకుఁ బెట్టిన యుద్యోగి పేరే నేఁటికిని నిలిచియున్నది. నష్టపడువాఁడెవఁడో చట్టము బాగుగానే యెఱుఁగును: చదువు రానివాఁడు.

కావున మా పాఠకులకు మేము విన్నవించున దొక్కటి. మీ యింటఁ బనిచేయువారిలోఁ గాని, మీ వీథివారిలోఁ గాని, పురుషుఁడైనను స్త్రీయైనను దూరదేశమునకుఁ బోవ సిద్ధపడినచో, వారి యొప్పందపుఁ గాగితమును ముందుగా వారియెదుటఁ జదివి వినిపింపుఁడు. ఊరిపేరు, జీతము, గడువు, తిరుగుపయనపు ఖర్చు, పాసుపోర్టు నెవరియొద్ద నుండునో ఒక్కొక్కటియు నడిగి తెలిసికొనుఁడు. మూటలోఁ బచ్చళ్లు కట్టియిచ్చుట ప్రేమయే. దానితోఁ బాటు తన కాగితమును దాను జదువుకొను శక్తినిఁ గూడఁ గట్టియిచ్చుట మన ధర్మము. ఆ మూట యే రేవునను తప్పిపోదు.