రొమ్ము ఫిల్మును ఎవరు చదవాలి?

గోదావరిఖని బొగ్గుబావుల మీద వచ్చిన కథల్లో, నేను చదివినంత మేరకు, దగ్గే కార్మికుడు తప్పక కనిపిస్తాడు. రొమ్ములో గడ్డను కొంగుచాటున దాచుకున్న స్త్రీ మాత్రం కనిపించదు. ఇది కేవలం రచయితల ఉపేక్ష అనలేం. దీని వెనుక చట్టం కూడా ఉంది.

1930లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సిలికోసిస్ సదస్సు నాటినుంచి గని కార్మికుడి ఛాతీ ఎక్స్‌రేను ఒక పద్ధతి ప్రకారం చదవడం ఆరంభమయింది. మన గనుల నియమాలు అయిదేళ్ళకొకసారి వైద్యపరీక్ష జరపాలన్నాయి. ఆ ఫిల్ము వెనుక నష్టపరిహారం ఉంది, యూనియన్ ఉంది, తగాదా ఉంది. అదే 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీని భూగర్భంలో అడుగుపెట్టనివ్వలేదు. 2019లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. ఉపరితలంలో పనిచేసిన కొద్దిమందిని మినహాయిస్తే, గని రిజిస్టరులో పేరు లేని ఆడదానికి గని ఆస్పత్రిలో ఏ ఫిల్మూ తప్పనిసరి కాలేదు.

రొమ్ము ఎక్స్‌రే చరిత్ర మరోచోట మొదలయింది. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలొమన్, కోసి తీసిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్‌రే కింద పరిశీలించాడు. యూదుడైనందున నాజీలు 1933లో ఆయన కొలువు ఊడబెరికారు. చిత్రకారిణి అయిన ఆయన కూతురు షార్లెట్‌ను 1943లో ఆష్విట్జ్‌లో చంపారు. వైద్యచరిత్ర రాసేవారు ఈ రెండో ముక్కను తరచు వదిలేస్తారు.

బ్రిటన్‌లో 1988లో జాతీయ పరీక్షా పథకం మొదలయ్యాక రేడియాలజిస్టులు చాలలేదు. ఫిల్ము తీసే రేడియోగ్రాఫరే శిక్షణ పొంది దాన్ని చదవవచ్చునా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. పని సులువైనదేమీ కాదు: క్యాన్సరూ తెలుపే, దట్టమైన కణజాలమూ తెలుపే. అయినా శిక్షణ పొందినవారు తీసిపోలేదు. కొరత తోసుకొచ్చింది గనుకనే ఆ హక్కు దక్కింది. ఎవరూ ఉదారంగా ఇచ్చింది కాదు.

మన దగ్గర కొరత అంతకు ముందరి మెట్టులోనే ఉంది. పేదల వాడలకు యంత్రమే దూరం. 1998లో టాటా స్మారక ఆస్పత్రి ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది స్త్రీలతో అధ్యయనం ప్రారంభించింది. అందులో సగంమందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి: యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సరు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో మేలు కనబడలేదు. ఈ మాట దాచకూడదు.

కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి చేతి పరీక్షనే చెప్పాయి. అయిదేళ్ళు! గని కార్మికుడి ఛాతీకి పెట్టిన గడువే. ఛాతీ ఎక్స్‌రే గురించి వాదించే కరపత్రాలు పెద్దపల్లి జిల్లాలో నాకు ఎన్నో దొరికాయి. రెండో పరీక్షను అడిగే కరపత్రం ఒక్కటీ ఇంకా నా చేతికి రాలేదు.