సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతంలో నిర్మాణ సరఫరా గొలుసు, సామాజిక సుస్థిరత

ఒక భవనానికి రాయి, ఇటుక, ఇసుక, ఇనుము, మనుషులు ఏ దారిన వచ్చారో, ఆ దారి పొడుగునా పనిచేసినవారికి కూలి చేతికందిందా, ప్రాణానికి రక్షణ ఉందా, తలదాచుకునే చోటు ఉందా అని అడగడమే నిర్మాణరంగంలో సామాజిక సుస్థిరత. సంగారెడ్డి జిల్లాలో ఈ ప్రశ్నకు కావలసినన్ని ఆధారాలున్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడలు, ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లు. ఇక్కడ కట్టుబడి పని ఆగిన కాలం లేదు. ఈ గొలుసులో డబ్బు చాలా చేతులు మారి కిందికి దిగుతుంది. బాధ్యత మాత్రం మొదటి రెండు చేతుల దగ్గరే ఆగిపోతుంది. అట్టడుగున కూలి ముట్టినట్టు రుజువు చూపితేనే పై బిల్లు పాసయ్యే పద్ధతి రానంతవరకు మిగతా సంక్షేమమంతా పైపూతే.

దీనికి బలమైన సాక్ష్యం కందిలో దొరుకుతుంది. జపాన్ సంస్థ జైకా రుణసాయంతో అక్కడ ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం విస్తరిస్తున్న రోజుల్లో, 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. వలస కూలీలు పెద్ద సంఖ్యలో సైటులోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. పోలీసు వాహనం ధ్వంసమైంది. వారు అడిగినవి రెండే: రావలసిన కూలి, ఊరికి పోయే దారి. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి సుమారు 1,200 మంది వలస కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరిన రైలు దేశంలోనే మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే, కానీ ఇక్కడ గొలుసు పై కొసన ఎవరున్నారో చూడాలి: కేంద్ర విద్యాసంస్థ, విదేశీ రుణం, పెద్ద కాంట్రాక్టు. అలాంటి చోటే కూలి కోసం గొడవ పడాల్సి వస్తే, బొల్లారంలో ఏదో ఫ్యాక్టరీకి షెడ్డు వేసే చిన్న మేస్త్రి కింద పనిచేసేవాడి మాట చెప్పేదేముంది? లాక్‌డౌన్ అసాధారణ పరిస్థితి కదా అనవచ్చు. నిజమే. అయితే నెల రోజులు పని ఆగగానే కూలి తగాదాగా మారిందంటే, చెల్లింపులు అంతకుముందు నుంచే నత్తనడకన కిందికి దిగుతున్నాయనుకోవాలి.

చట్టం లేక కాదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే కూలి చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టమే చెప్పింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ భత్యం, నివాసం చూడమంది. ఢిల్లీ ఏషియాడ్ పనుల కేసులో 1982లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క చిన్నదే: రోజుకు కనీస కూలి రూ. 9.25, మధ్యవర్తి జమాదారు రూపాయి కోసుకుని చేతిలో పెట్టింది రూ. 8.25. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. కాంట్రాక్టర్లు చట్టం పాటించేలా చూడటం పని చేయించుకునే ప్రభుత్వ సంస్థల బాధ్యతేనంది. పాత చట్టాలు కొత్త లేబర్ కోడ్‌లలో కలిసినా ప్రధాన యజమాని అనే సూత్రం పోలేదు.

సైటు గేటు దాటాక ఆ సూత్రానికి పట్టు దొరకదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కోతలయ్యాక కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. వారిని కుదిర్చే దళారీ, సర్దార్, ముందే అడ్వాన్స్ ఇస్తాడు. భార్యాభర్తలు, తోడు ఒక పిల్లవాడు కలిసి ఒక లెక్క. తండ్రి అచ్చు పోస్తే, తల్లి మట్టి అందిస్తే, పిల్లవాడు ఆరుతున్న ఇటుకలను తిరగేస్తాడు. వెయ్యి ఇటుకలకు ఇంతని రేటు. వారం వారం తిండి ఖర్చులకు కొంత. అసలు లెక్క వానలకు ముందు సీజన్ చివరనే. పిల్లవాడి పేరు ఏ మస్టర్‌లోనూ (హాజరుపట్టీలోనూ) ఎక్కదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రేటింగుల్లో సైటు కూలీలకు కనీస సౌకర్యాలు కల్పించడం కూడా ఒక అంశం, మంచిదే. కానీ అదే గోడలోని ఇటుక పోసినవారు ఆ లెక్కలోకి రారు.

మేస్త్రిని తప్పించి కూలిని నేరుగా కార్మికుల బ్యాంకు ఖాతాలో వేస్తే సరిపోతుందని కొందరంటారు. అది తొందరపాటు. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టిన కాలం నుంచి పాలమూరు వలస కూలీలను నడిపింది గుంపు మేస్త్రీలే. పండక్కి, పెళ్లికి, ఆసుపత్రికి అడ్వాన్స్ ఇచ్చేవాడు అతనొక్కడే అయినప్పుడు, అతన్ని తీసేస్తే ఆ అప్పు ఎవరిస్తారు? అతని కమీషన్‌ను కూలిలోంచి కాక బిల్లులోంచి ఇవ్వడం మెరుగు. కార్మిక సంక్షేమ సెస్సు ఉంది కదా అనేది మరో మాట. 1996 చట్టం కింద నిర్మాణ వ్యయంలో ఒక శాతం వసూలవుతూ వచ్చింది; 2018లో సుప్రీంకోర్టు చూసేసరికి దేశవ్యాప్తంగా వచ్చిన సుమారు రూ. 37,400 కోట్లలో ఖర్చయింది రూ. 9,500 కోట్లే. పైగా సెస్సు సంక్షేమానికే, ఎగ్గొట్టిన కూలికి బదులు కాదు.

చిన్న కాంట్రాక్టర్ల అభ్యంతరమే గట్టిది: పై బిల్లు నెలల తరబడి ఆగితే మేమెక్కణ్ణుంచి తేవాలంటారు. అందుకే ముడి రెండు వైపులా పడాలి. పైవాడు గడువు తప్పితే వడ్డీ కట్టాలి. ఇప్పుడు ఆ ఆలస్యానికి వడ్డీలేని అప్పు ఇస్తున్నది కూలీయే. 2023లో ప్రారంభమైన కొల్లూరులోని 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల వంటి పనుల్లో డబ్బు చెల్లించేది ప్రభుత్వమే కాబట్టి మొదలుపెట్టడం సులువు. ఇటుక, కంకర సరఫరాదారుల మస్టర్లు కూడా బిల్లుకు జతచేయాలని టెండరులో ఒక షరతు పెడితే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. సొంతిల్లు కట్టుకునేవారు లారీ లెక్కన కొనే ఇటుక మీద ఈ షరతు పనిచేయదు. అక్కడ కార్మికశాఖ సీజన్‌లోనే బట్టీలకు పోయి తనిఖీ చేయడం తప్ప దారి కనబడదు.