కాలు చూసుకొనే దీపం

దర్శి ప్రాంతపు పల్లెలో నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, పొరుగింటి వృద్ధుడొకరు పొద్దుగూకితే లాంతరు లేనిదే గడప దాటేవారు కారు. "పుట్టి పెరిగిన వీధికి దీపమెందుకు పెద్దాయనా?" అని పరిహసించాను.

"దోవ కోసం గాదు పంతులుగారూ, నా కాలు యాడుందో చూసుకోను" అన్నారు.

ఆ మాటలోని అర్థం చాలాకాలానికి గాని బోధపడలేదు. కండరాలు, కీళ్ళు తమ స్థితిగతులను వెన్నుపాము గుండా మెదడుకు నిరంతరం విన్నవిస్తుంటాయి. కన్ను మూసినా కాలెక్కడుందో మనకు తెలిసేది అందువల్లనే. 1906లో షెరింగ్టన్ ఈ వ్యవస్థకు 'ప్రొప్రియోసెప్టివ్' అని పేరు పెట్టాడు. స్వీయస్థితిజ్ఞానమందాం.

ఇక మన నేల సంగతి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌పై వ్యాసం ప్రకటించారు. దేశంలో ఈ వ్యాధిని వెలుగులోకి తెచ్చిన తొలి రచనల్లో అదొకటి. అప్పటికి దర్శి ఆ జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా ఇటు వచ్చింది. నీటిలోని ఫ్లోరైడు మితిమీరితే, ఏళ్ళ తరబడి ఎముకను మందపరచి, బంధనాలను గట్టిపరచి, ముదిరినచోట వెన్నుపామును నొక్కుతుంది. అప్పుడు కాలి కబురు మెదడుకు సరిగా చేరదు. ఆ లోటు కన్ను తీర్చాలి. చీకట్లో కన్నూ చేయగలిగింది లేదు.

ఆయన వంగని నడుము, గారపళ్ళు తలచుకుంటే కారణమదేనేమో అనిపిస్తుంది. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పిన నేను, ఆ ఒక్క వాక్యానికి అర్థమడగక నవ్వి ఊరుకున్నాను.