ముట్టుగుడ్డకు ఎండ తగలని చరిత్ర

రక్షణ శాఖ పద్దులు రాసి రిటైరైన నాకు ఈ విషయంతో పనేమిటని నవ్వేవారుంటారు. నవ్వనివ్వండి.

సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలకు తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరంతా బట్టే. కానీ ఎక్కువగా నేసేది పాలిస్టర్, అది తడి పీల్చదు. ముట్టుకు పాత నూలు చీరే దిక్కు. ఉతికి మళ్లీ వాడటం మన ఆడవాళ్లకు కొత్త విద్య కాదు. మరి లోపం ఎక్కడ? ఉధ్నాలో ఒకావిడ నా భార్యతో అన్న మాట: "ఎండల ఎట్ల ఆరేస్తమక్కా, అందరు చూస్తరు గదా!"

సరిగా ఆరని గుడ్డలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. తప్పు గుడ్డది కాదు, దాన్ని దాచిపెట్టించే మైల నమ్మకానిది.

ముట్టయినవారు తాకితే పచ్చడి చెడుతుందని మనవాళ్లంటే, యూరప్ తక్కువ తినలేదు. 1920లో వియన్నా వైద్యుడు బేలా షిక్, బహిష్టులో ఉన్న పనిమనిషి పట్టుకున్న పూలు వాడిపోయాయని చెప్పి, దానికి కారణం 'మెనోటాక్సిన్' అనే విషమన్నాడు. ఆ విషానికి రుజువు నిలబడలేదు.

1937లో అమెరికాలో లియోనా చామర్స్ రబ్బరు కప్పుకు పేటెంటు పొందింది. యుద్ధకాలపు రబ్బరు కరువు ఆ తయారీని ఆపింది. సిలికోన్ కప్పు 2000 తర్వాతే వ్యాపించింది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–24 ఏళ్లవారిలో 50 శాతం గుడ్డ వాడుతున్నామన్నారు, కప్పు వాడేవారు 0.3 శాతం.

నా లెక్క చూడండి. ప్యాడ్ 5 రూపాయలు, నెలకు 12 అనుకుంటే పదేళ్లకు 7,200. కప్పు 400 అనుకుందాం, పదేళ్ల దాకా మన్నుతుంది. అయినా ఎందుకు కొనరు? దాన్ని మరిగించడానికి గిన్నె కావాలి, చాటు కావాలి, అడిగితే చెప్పే మనిషి కావాలి. నా పద్దులో ఇవి లేవు. 2019లో కేరళలోని అలప్పుళలో 5,000 కప్పులు ఉచితంగా పంచినప్పుడు, ముందు అవగాహన తరగతులు పెట్టారు. అదీ పద్ధతి.

ఇదంతా పాత కథ అంటారా? 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోనే, భుజ్‌లో ఒక మహిళా కళాశాల హాస్టల్లో 60 మందికి పైగా విద్యార్థినుల బట్టలు విప్పించి ముట్టు తనిఖీ చేశారు.

మా అమ్మ దండెం మీద తన చీర కింద ఏదో ఆరేసేది. దేవుణ్ణి ప్రశ్నించిన నేను, ఆ చీర కింద ఏముందని ఏనాడూ అడగలేదు. మన ఇళ్లలో ఆ గుడ్డ ఎండలోకి వచ్చిందా?