సాతాను తరఫు వకీలు

సైట్ మీటింగులో మేనేజర్ "డెవిల్స్ అడ్వొకేట్‌గా మాట్లాడతా" అన్నాడంటే మీ మీద కోపంతో కాదు అన్నా. మీ మాటకు కావాలనే అడ్డం మాట్లాడి, అది నిలబడుతుందో లేదో చూస్తాడు. చప్పబడిపోకండి, మీ కారణం చెప్పండి.

ఈ మాట క్యాథలిక్ చర్చి నుంచి వచ్చింది. ఎవరినైనా సెయింట్‌గా ప్రకటించాలంటే ముందు విచారణ ఉంటుంది. 1587లో పోప్ ఐదో సిక్స్‌టస్ అందులో ఎదురు వాదించడానికే ఒక పదవి పెట్టారు. జనం దానికి తగిలించిన పేరే సాతాను వకీలు. చనిపోయిన ఆ మనిషి బతుకులో లోపాలు వెతకాలి, చెప్పిన అద్భుతాలను అనుమానించాలి. తనకు భక్తి ఉన్నా సరే, వాదించాల్సిందే. అందరూ దండం పెట్టే చోట వద్దనే మాట దానంతటదే రాదు కదా, కుర్చీ వేసి మరీ అడగాలి. ఊళ్లో ఏజెంటు వీసా గురించి ఊదరగొట్టేటప్పుడు పక్కన ఇలాంటోడు ఒకడుంటే ఎన్ని అప్పులు తప్పేవో!

1983లో పోప్ రెండో జాన్ పాల్ ఈ పదవి అధికారం బాగా తగ్గించారు. అయినా మదర్ థెరిసా విషయంలో, ఆమెను గట్టిగా తప్పుపట్టిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌ను పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. ఆమె 2016లో సెయింట్ అయ్యారు. సాతాను తరఫున ఫీజు లేకుండా వాదించానని హిచెన్స్ జోకేసేవాడు.