జనాభా లెక్కల్లో ఆడవారి పని: నూజివీడు తోటల నుంచి ఒక పరిశీలన

ఒక ప్రాంతపు శ్రామిక ప్రజల చరిత్ర రాయదలచినవారు మొదట తెరిచే గ్రంథం జనాభా లెక్కల నివేదిక. అందులో వృత్తుల పట్టిక ఉంటుంది. మగవారికొక వరుస, ఆడవారికొక వరుస. మగవారి వరుస పదేళ్లకొకసారి కొంచెం పెరిగినా తరిగినా నమ్మదగినట్టే కనిపిస్తుంది. ఆడవారి వరుస మాత్రం కుదురుగా ఉండదు. ఒక లెక్కలో లక్షలమంది పుట్టుకొస్తారు, పదేళ్లకు అదృశ్యమవుతారు. వాళ్లేమైనట్టు? చచ్చిపోలేదు, వలస పోలేదు, పని మానలేదు. మారింది లెక్కించేవారి చూపు. పట్టికను సాక్ష్యంగా వాడుకునే ముందు ఆ చూపు ఏమిటో విచారించాలి.

దేశమంతటా ఒకే రోజును ప్రమాణంగా తీసుకుని జనాన్ని లెక్కించడం 1881 ఫిబ్రవరి 17న మొదలయింది. వృత్తుల వర్గీకరణను దొరలు తమ దేశం నుంచే తెచ్చుకున్నారు. అదే 1881లో ఇంగ్లండు లెక్కలు ఇంటి చాకిరీ చేసే భార్యలను 'పని లేని' తరగతిలో వేశాయి. ఇక్కడ పల్లెల్లో జాబితా రాసింది ప్రధానంగా కరణాలు. కరణం అడిగేది ఇంటి యజమానిని. యజమాని చెప్పేది తన కులవృత్తి. ఆడమనిషి నోరు విప్పే సందర్భమే లేదు. మొగుడి పేరు చెప్పడమే తప్పనుకునే కాలమది.

నూజివీడు అప్పటికి మేకా వారి జమీందారీ సీమ. 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కిందికి వచ్చిన ఎస్టేట్లలో ఒకటి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యేదాకా ఈ వ్యవస్థ సాగింది. అటువంటి సీమల్లో శ్రమకు ప్రమాణం మనిషి కాదు, కుటుంబం. పాలేరుగా కుదిరేది మగవాడు. పేడ తీసేది, వాకిలి ఊడ్చేది, పురుళ్లకూ పెళ్లిళ్లకూ బండెడు చాకిరీ చేసేది అతని భార్య. జీతం ఒకరిది, చాకిరీ ఇద్దరిది. అటువంటి ఇంటిని 'వృత్తి: పాలేరు' అన్న ఒక్క మాటతో రాసుకుంటే లెక్క పూర్తయినట్టా? కరణానికి పూర్తయినట్టే.

ఈ లోపం కరణం దస్త్రంతో ఆగలేదు, చరిత్ర రచనలోకీ పాకింది. బ్రిటిషు పాలనలో మన చేతివృత్తులు కూలిపోయాయని జాతీయవాదులు వాదించారు. అమెరికన్ ఆర్థికవేత్త డేనియల్ థార్నర్ 1881 నుంచి 1931 వరకు లెక్కలను శ్రద్ధగా తిరగేసి, ఆ యాభై ఏళ్లలో అంత పెద్ద పతనం కనబడదన్నాడు. పతనం జరిగి ఉంటే 1881కి ముందే జరిగి ఉండాలన్నాడు. ఎంతో కష్టపడి చేసిన పని, తోసిపుచ్చదగింది కాదు. కాని పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆడవారి అంకెలు నమ్మదగినవి కావని ఆయన పక్కన పెట్టి, మగవారి అంకెల మీదనే తన నిర్ణయాన్ని నిలబెట్టాడు. గణితానికి అది న్యాయమే. అయితే ఆ కాలంలో యంత్రం ముందు ఓడిపోయిన పనుల్లో పెద్దవి రెండు: నూలు వడకడం, వడ్లు దంచడం. రెండూ ఆడవారి చేతుల్లోవే. బియ్యపు మరలు వచ్చాక దంపుళ్ల కూలి పోయింది. ఆ కూలితో పాటు నూకలూ తవుడూ పోయాయి, విధవరాలికి ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. ఆమెను లెక్కలోంచి తీసేసి పతనం లేదనడం, మునిగిన పడవను వదిలేసి రేవులోని పడవలను లెక్కించడం వంటిది.

స్వాతంత్ర్యం తరువాత చూపు మారిందా? 1951లో ఆదాయాన్ని ప్రమాణం చేసి మనుషులను స్వయం పోషకులు, సంపాదించే ఆశ్రితులు, సంపాదించని ఆశ్రితులు అని మూడుగా విడదీశారు. సొంత చేలో పొద్దస్తమానం వంగి పనిచేసినా డబ్బు తన చేతికి రాని ఇల్లాలు మూడో గుంపులో పడింది. 1961లో పని కాలంలో ఎక్కువ భాగం రోజుకు గంటకు మించి క్రమంగా పనిచేసినవారిని శ్రామికులన్నారు. దేశంలో ఆడవారు నూటికి 28 మంది దాకా శ్రామికులుగా తేలారు. 1971లో 'మీ ముఖ్యమైన పని ఏమిటి?' అని అడిగారు. ఆ అంకె సగానికి పడిపోయింది. పదేళ్లలో సగంమంది ఆడవారు చెయ్యి కడుక్కుని కూర్చున్నారని ఎవరైనా నమ్ముతారా? 'ముఖ్యమైన పని' అంటే వంట అనే మన ఆడది చెబుతుంది. చెప్పకపోతే పక్కనున్న మగవాడు చెబుతాడు.

మామిడి సీమలో ఈ సమస్య మరీ తేటతెల్లం. జనాభా లెక్కలు దాదాపు ఎప్పుడూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో అది పూత, పిందె కాలం. అప్పుడు తోటలో ఉండేది కాపలావాడు, పూత మీద తోటను గుత్తకు మాట్లాడుకున్న వ్యాపారి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతలు. చిక్కం కర్ర పట్టి చెట్టెక్కేది మగవాడు. కింద కాయలు అందుకుని, సొన తుడిచి, బంగినపల్లిని రసాల నుంచి వేరుచేసి, దెబ్బ తిన్నవి ఏరి, గంపలకెత్తేది, మండుటెండలో మోసేది ఆడవాళ్లు. మిగిలిన పుల్లకాయ ఒరుగులవుతుంది, మాగాయవుతుంది. అందులో ఇంటికెంత, అమ్మకానికెంత అని విడదీసి చెప్పడం ఆ ఇల్లాలికే కష్టం. తోటలో పాక వేసుకున్న కాపలా కుటుంబంలో రాత్రి మగవాడు తిరిగితే పగలు కోతుల్ని తోలేది అతని భార్య. పట్టికలో కాపలాదారు ఒక్కడే.

ఇందులో వర్గభేదం కూడా ఉంది. కూలికి పోయే ఇంటి ఆడది ఏదో ఒక గడిలో పడుతుంది, ఎందుకంటే ఆమె కూలి లేకపోతే పొయ్యి వెలగదు. ఎకరాలున్న ఇంటివారు 'మా ఆడవాళ్లు పొలం గట్టు తొక్కరు' అంటారు. పాలు పితికి, కూలీలకు వండి, విత్తనాలు దాచే చాకిరీ అంతా ఆ పరువు కింద మాయమవుతుంది. 2011లో దేశంలో నూటికి 25 మంది ఆడవారు శ్రామికులుగా తేలితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది తేలారు. మన స్త్రీలు ముందున్నారని సంబరపడేవారు, అందులో వ్యవసాయ కూలీలు ఎందరో కూడా చూడాలి.

2011 ఫిబ్రవరిలో నేనూ లెక్కలు రాశాను. బడి పంతుళ్లకు ఆ పని తప్పదు. తోటల పక్కనున్న ఒక పల్లెలో ఒకాయన అరుగు మీద కూర్చుని భార్య సంగతి తానే చెప్పాడు: "ఇంటికాడే ఉంటదండీ." ఇంటి పనులకు కేటాయించిన అంకె వేసి పక్క ఇంటికి వెళ్లాను. మే నెలలో అదే మనిషి గోనె పరిచి కాయలు ఏరుతూ కనిపించింది. "పంతులుగారూ, రెండు రసాలు తినిపోండి" అంది. ఏటా కోతలకు వస్తానని కూడా చెప్పింది. గత ఏడాదిలో మూడు నెలల లోపు పని చేసినవారికి ఆ కాగితంలో విడిగా గడి ఉంది. శిక్షణలో ఆ మాట చెప్పారు కూడా. నేను ఆమెను అడగలేదు.

2021లో జరగవలసిన లెక్క వాయిదా పడింది, 2027కు ప్రకటించారు. మళ్లీ మా పంతుళ్లే ఇల్లిల్లూ తిరగాలి. శిక్షణ తరగతిలో నేను అడగదలచుకున్నది ఒక్కటే: ఈ మండలాల్లో 'ఏం పని చేస్తారు?' అని కాక, 'పోయిన వేసవిలో ఎన్నాళ్లు కోతలకు వెళ్లావమ్మా?' అని ఆ మనిషినే పిలిచి అడగడానికి అభ్యంతరమేమిటని.