షెడ్డులో మిగిలిన రెక్కలు

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ మైదానంలో ఇవాళ ఏ రైతు షెడ్డు వేయాలన్నా ముందు రెండు లెక్కలు తేలాలి. హార్వెస్టరు లోపలికి రావాలంటే తలుపు ఎంత ఎత్తుండాలి? వెల్డింగు మిషనూ కంప్రెసరూ ఒకేసారి వేస్తే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తట్టుకుంటుందా, 400 వోల్టుల త్రీ ఫేజ్ లాగించుకోవాలా? మన పల్లెలో బోరు మోటారు బిగించిన ప్రతి రైతుకూ ఈ రెండో బెంగ తెలుసు. ఆ బెంగ పడే భాగ్యం కూడా లేని రోజుల్లో, ఇదే నేల మీద ఒక రైతు తన పొలంలో విమానం కట్టుకున్నాడు.

రిచర్డ్ పియర్స్ 1877లో పుట్టాడు. ఇంజనీరింగ్ చదవాలని ఆశ. ఇంట్లో ఉన్న డబ్బు అన్న టామ్ వైద్యం చదువుకు ఎడిన్‌బరో దాకా పోయింది. రిచర్డ్‌కు 21వ ఏట దక్కింది టెముకా దగ్గర వైటోహిలో నూరెకరాల పొలం. దున్నకంలో ఆయన మనసు నిలవలేదు. ఒక కొలిమి, ఒక లేతు పెట్టుకున్నాడు. 1888లోనే రీఫ్టన్ పట్టణం కరెంటు దీపాలు చూసింది కానీ వైటోహి పొలాలకు తీగ రాలేదు. కోల్‌రిడ్జ్ సరస్సు జలవిద్యుత్తు 1914లో మొదలైంది. అప్పటికి పియర్స్ ఆ ఊరు వదిలి మూడేళ్లు. ఒక్క మోటారు ఆసరా లేకుండా, ఒంటి బలంతోనే ఇంజనంతా చేశాడు.

ఆ ఇంజనును కాస్త దగ్గరగా చూడాలి. సిలిండర్లుగా వాడినవి ఇనుప పైపు ముక్కలు. పిస్టన్ పోయేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు రెండో వైపు, రెండు దిక్కులా పేలుడు తోసేలా అమర్చాడు. చదువు చెప్పేవాడు లేక, తప్పు దిద్దేవాడు లేక, పాత ఇనుములోంచి ఆ ఆలోచనను పిండుకున్న చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు. వెదురు, ఇనుప గొట్టాలు, కాన్వాసు గుడ్డతో రెక్కలు తయారయ్యాయి.

1903 మార్చి 31న ఆ విమానం లేచిందని, కాసేపు గాలిలో ఊగి ముళ్లకంచె మీద కూలిందని చెబుతారు. ఆ తేదీ మీద వాదులాట ఇంకా తెగలేదు. రైట్ సోదరులు ఎగిరింది ఆ డిసెంబరులో. కానీ పియర్స్ ఏనాడూ నేనే ముందని అనలేదు. 1915లో పత్రికకు రాసిన ఉత్తరంలో తన ప్రయోగాలు 1904లో మొదలయ్యాయని రాసి, ఆ కీర్తిని రైట్ సోదరులకే వదిలేశాడు. ఊళ్లో మాత్రం ఆయన 'పిచ్చి పియర్స్'.

1911లో పొలం అమ్మి దక్షిణాన మిల్టన్ వెళ్లాడు. యంత్రం ముక్కలు పొలం చెత్తగుంటలో చేరాయి. 1921లో క్రైస్ట్‌చర్చ్‌కు మారి, సొంత చేతులతో ఇళ్లు కట్టి అద్దెల మీద బతికాడు. గరాజులో మరో విమానం మొదలుపెట్టాడు. ఇంజను పైకి తిరిగితే నిట్టనిలువుగా లేవాలి, రెక్కలు మడిస్తే రోడ్డు మీద నడవాలి, మామూలు ఇంటి గరాజులో ఇమడాలి. పక్కవాడికి కూడా పనికొచ్చే విమానం చేయాలన్నది ఆయన తపన. 1943లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఎవరో తన రహస్యం దొంగిలించబోతున్నారన్న భయం మనసును తినేసింది.

1951లో సన్నీసైడ్ మానసిక వైద్యశాలలో చేర్చారు. 1953 జులై 29న అక్కడే పోయాడు. గరాజులో విమానం, ఒక్కసారీ ఎగరనిది, అలాగే ఉంది. చెత్తకు పోవలసింది ఎలాగో బతికి, ఇప్పుడు ఆక్లండ్‌లో మోటాట్ మ్యూజియంలో ఉంది.

దాన్ని చూసిన పాతకాలపు వైమానికుడు జార్జ్ బోల్ట్, దాన్ని చేసిందెవరని ఆరా తీస్తూ వైటోహి చేరాడు. నాడు బడిపిల్లలుగా ఉన్నవాళ్లు జుట్టు నెరిసి ఇంకా అక్కడే ఉన్నారు. అవును, చూశాం అన్నారు. కంచె మీద వాలిన ఆ తెల్ల గుడ్డ రెక్కల్ని చూశాం అన్నారు.